ఎడమ చేతికి మడత కత్తి

మా ఆయన భద్రయ్య నడుముకు కత్తి లేకుండా వాకిలి దాటిన రోజు నాకు గుర్తు లేదు. పెళ్లినాడు పసుపు బట్టల మీద కూడా మొలతాడుకు కత్తి దోపుకొనే కూర్చున్నాడు. మా అమ్మ అది చూసి, "పిల్లను తోలుకపోను వచ్చిండా, కోసుకపోను వచ్చిండా" అంది. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు, కత్తిని ఇంకాస్త లోపలికి దోపుకున్నాడు. ఆ కత్తి వాళ్ల నాయనది. నూరి నూరి అది చేపముల్లంత సన్నబడ్డాక గానీ పక్కన పెట్టలేదు. ఆ తర్వాతవన్నీ సంతలో కమ్మరి దగ్గర కొట్టించినవే. ఒకటి పడవ దిగుతుంటే గోదావరిలో జారిపోయింది. ఆ రోజంతా మనిషి పోయినట్టే కూర్చున్నాడు.

కత్తితో ఆయన చేసే పనులు చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. వెదురు చీల్చేవాడు, బుట్టలు అల్లేవాడు, చుట్టకు పొగాకు కోసుకునేవాడు, పిల్లల కాళ్లలో ముళ్లు తీసేవాడు. అన్నిటికన్నా ముందు పందుంపుల్ల. తెల్లారగానే ఇంటి వెనక చెట్ల దగ్గరికి పోయి, కొమ్మలన్నీ కళ్లతో వెతికి, తనకు నచ్చిన పుల్ల కోసుకొని నములుకుంటూ వచ్చేవాడు. ఒకరు కోసిచ్చిన పుల్ల నోట్లో పెట్టుకోడు. నోరు కడగనిదే మంచినీళ్లు కూడా ముట్టడు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నేను ప్రేమగా ఒక పుల్ల కోసిస్తే, "నాకు చేతులు లేవా" అన్నాడు.

పోయిన ఏడు మిర్చి కోతలప్పుడు ఆయనకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. భద్రాచలం దవాఖానాలో ఉంచాం. కాలు కొంచెం కుదిరింది, చేయి కుదరలేదు. ఇంటికి వచ్చాక ఎడమ చేత్తో గోడలూ చెట్లూ పట్టుకొని నడవడం నేర్చుకున్నాడు. నడిచిన మొదటి రోజే కత్తి అడిగాడు. నేను ఇచ్చాను. ఇంకో వారానికి పశువుల కొట్టం దగ్గర బోర్లా పడ్డాడు. మొలలో ఉన్న కత్తి తొడలో దిగింది. మా కోడలు ప్రమీల ఆ నెత్తురు కడిగి, కట్టు కట్టి, కత్తిని తీసుకుపోయి పైన చూరులో గుచ్చింది.

"ఇగ ఇది నీకొద్దు మామా. ఉట్టిగ పడితె నడుమే పోద్ది. కత్తితోని పడితె పానం పోద్ది" అంది.

మర్నాటి నుంచి పుల్ల తంటా మొదలైంది. నేను పొద్దున్నే కోసి ఇస్తే తీసుకొని పక్కన పెట్టేవాడు. ప్రమీల పళ్లపొడి ఇస్తే సున్నం మింగినట్టుందని ఉమ్మేవాడు. ఏ పొద్దు గూకాకో మేం బతిమాలితే రెండు ముద్దలు తినేవాడు. రోజూ మాకు తీరదని నేను పుల్లల కట్ట కట్టి మంచం దగ్గర పెడితే, "ఎండినయి నమలనీకి నేను చెదపురుగునా" అన్నాడు. నవ్వొచ్చింది నాకు. ఆయన మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

బీడీలకు అమ్మే తునికాకు రోజులు వచ్చాయి. ఆకు కోయాలంటే మసక చీకట్లోనే అడవికి పోవాలి. నేనూ ప్రమీలా పోయి, ఎండ నెత్తికెక్కాక మూటలతో తిరిగి వచ్చాం. ఇంటి వెనక ఆయన కనిపించాడు. ఎడమ చేత్తో కానుగ చెట్టు మొదలు పట్టుకొని, కిందికి వంగిన కొమ్మను నోటితో అందుకొని లాగుతున్నాడు. కొమ్మ తెగడం లేదు. ఆకులు మొహమంతా కొట్టుకుంటున్నాయి. ఉట్టి మీద పెట్టిన గంజి పెట్టినట్టే ఉంది. నన్ను చూసి కొమ్మ వదిలేశాడు. పెదవి చీరుకుపోయి ఉంది.

ఆ సాయంత్రమే మా మనవడు రామకృష్ణ వచ్చాడు. ప్రమీల కొడుకు. ఖమ్మంలో కిరాయి గదిలో ఉంటూ సెల్ టవర్ల మీద పని చేస్తాడు. నెల జీతం. ఎత్తుమీద పని అని వాళ్లమ్మకు రోజూ భయమే.

"తాత గిట్ల చిక్కిండేంది అవ్వా. అన్నం తింటలేడా?" అన్నాడు.

"పుల్ల లేందే నోరు కడగడు. నోరు కడగందే తినడు. నీకు తెల్వదా మీ తాత సంగతి."

మంచం మీది నుంచి ఆయన అందుకున్నాడు. "నా కత్తి నాకియ్యమను మీ అమ్మను. పోతె నా పానమే గద పోయేది."

"పోయినంక మోసేది మేమే గద మామా" అంది ప్రమీల లోపలి నుంచి.

రామకృష్ణ తాత ఎడమ చేయి పట్టుకొని చూశాడు. తర్వాత అన్నాడు. "తాతా, ఒక్క చేత్తోని తెరిచే మడత కత్తులున్నయి. మడిస్తె అలుగు పిడిలకు పోతది. పడ్డా గుచ్చుకోదు. టవర్ మీద మేం ఒక చెయ్యి కడ్డీ మీది నుంచి తియ్యలేం గద, ఇంకో చేత్తోనే అన్ని జేయాలె. మా సారు దగ్గరున్నది, నేను చూసిన. మంచి కంపెనీది, వేరే దేశంల చేసిన్రు."

"మడత కత్తులు నేను చూడందా. జాతరల కుప్పలు పోసి అమ్ముతరు. గోరు పెట్టి లాగాలె. రెండు చేతులు గావాలె."

"అవి వేరు తాతా. ఇది బొటనవేలుతోని తోస్తె తెరుసుకుంటది."

"నిజంగ ఒక్క చెయ్యే?"

"అవ్. ఒక్క చెయ్యే."

ఆయన తన ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకొని, వేళ్లు ముడిచి తెరిచి చూసుకున్నాడు. దవాఖానా నుంచి వచ్చాక ఆయన కళ్లలో అంత వెలుగు చూడడం అదే. బస్సెక్కి ఖమ్మం దాకా పోలేడు కదా, నా వైపు తిరిగి, "నువ్వు పో జంపా. నా చెయ్యి నీకు తెల్సు. పిడి మరీ నున్నగ ఉండొద్దు, చెమటకు జారుతది. అలుగు వేలంత ఉంటె చాలు. మరీ తేలికది తేకు, ఉన్నట్టే ఉండదు" అన్నాడు. పెళ్లి సంబంధానికి పంపుతున్నట్టు అన్నీ చెప్పి పంపాడు.

మర్నాడు రామకృష్ణతో ఖమ్మం పోయాను. రాత్రికి వాడి గదిలో పడుకొని, పొద్దున్నే దుకాణానికి నడిచాం. మార్కెట్ వైపు నుంచి వచ్చే మిర్చి ఘాటుకు దారి పొడుగునా నేను తుమ్ముతూనే ఉన్నాను. అది టవర్ పనివాళ్లకు తాళ్లూ బెల్టులూ టోపీలూ అమ్మే దుకాణం. యజమాని పేరు ఆదినారాయణ. అప్పుడే షట్టర్ ఎత్తి, కడిగి, దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగిస్తున్నాడు. మేమే మొదటి బేరం.

"ఒక్క చేత్తోని తెరిచే కత్తి గావాలె సార్, మంచిది" అన్నాడు రామకృష్ణ.

ఎవరికని ఆయన అడగలేదు. టవర్ బెల్టు చూసి వీడికే అనుకున్నట్టున్నాడు. నేనూ చెప్పలేదు. ఒకరి బోణీ వేళ రోగం మాట ఎత్తడం బాగుండదు కదా, దుకాణం నడిపేవాడికి ఆ రోజంతా మనసులో ముల్లులా ఉంటుంది.

అద్దాల పెట్టెలోంచి తీసి గుడ్డ మీద పరిచాడు. నేను కొడవళ్లూ కత్తిపీటలూ చూసినదాన్నే గానీ ఇంత ముద్దైన ఇనుము ఎన్నడూ చూడలేదు. మూస్తే అరచేతిలో ఇమిడిపోతుంది, మధ్యలో సందు కూడా కనబడదు. తుప్పు పట్టని ఉక్కట. ఒక కత్తి అలుగు మీద బొటనవేలు దూరేంత చిల్లు ఉంది.

"ఈ చిల్లుల వేలు పెట్టి తోస్తె తెరుసుకుంటదమ్మా" అన్నాడు ఆదినారాయణ.

"కొత్తది కొంట చిల్లుది కొంటమా సామీ. చిల్లుకుండ, చిల్లుచేట మేం ఇంట్లకే రానియ్యం" అన్నాను. ఆయన నవ్వి దాన్ని పక్కకు జరిపాడు. దాని పిడి కూడా ఏదో నల్ల ప్లాస్టిక్‌లాగా ఉంది, నా చూపు దాని మీద నిలవలేదు.

నా కన్ను ఇంకోదాని మీద ఉంది. దానిది కొయ్య పిడి. ఏ దేశపు చెట్టో తెలియదు గానీ అచ్చం మా అడవి ఇరుగుడు చేవలాగే, నలుపులో ఎరుపు గీతలు. అలుగు మొదట్లో చిన్న బొడిపె ఉంది. దాన్ని బొటనవేలితో నెడితే అలుగు నూనె రాసినట్టు తిరిగి వచ్చి టక్కున నిలబడుతుంది. ఇక విరిచినా ముడుచుకోదు. మూయాలంటే లోపలి రేకును బొటనవేలితో పక్కకు నొక్కాలి. ఆదినారాయణ రెండుసార్లు చేసి చూపించాడు.

రామకృష్ణ చూస్తానని ఎడమ చేయి చాపాడు. ఎందుకు చాపాడో నాకు తెలుసు. ఆదినారాయణ మాత్రం కత్తిని వెనక్కి తీసుకున్నాడు.

"బోణీ ఏళ బాబూ. కుడి చెయ్యి పెట్టు. మధ్యాన్నం వస్తె కాలుతోని పట్టుకున్నా నేనేమనను."

నేను కూడా వాడి మణికట్టు మీద ఒకటి వేశాను. "కొత్త ఇనుము ఎడమ చేత్తోని అందుకుంటర్రా. తాతకు మంచి కోరి కొంటున్నవా, చెడు కోరి కొంటున్నవా."

వాడు సిగ్గుపడి కుడి చేత్తో అందుకున్నాడు. తెరిచాడు, మూశాడు. తర్వాత నా చేతికిచ్చాడు. నేనూ కుడి చేత్తోనే తెరిచాను. నా అంత ముసలి వేలికి కూడా లొంగింది. ఎడమ చేయి పొరపాటున కూడా పైకి రాకుండా కొంగులో చుట్టి పెట్టుకున్నాను. కత్తి ఏ చేతిలో ఉన్నా కత్తే అనుకున్నాం. కమ్మరి కొట్టిన కత్తి అట్లాగే ఉంటుంది మరి, దానికి కుడి ఎడమలు ఉండవు. ధర రామకృష్ణ నాకు వినిపించనివ్వలేదు. ఆదినారాయణ దాన్ని కళ్లకద్దుకొని ఇచ్చాడు.

రామకృష్ణ కూడా తిరిగి నాతోనే వచ్చాడు. బస్సులో దారంతా కత్తిని నా ఒళ్లోనే పెట్టుకున్నాను. పాల్వంచ దాటాక ఒకసారి తీసి చూశాను. పక్క సీటామె, "అమ్మో, కత్తి ఎందుకమ్మా" అంది. "మా ఇంటాయనకు, పందుంపుల్ల కోసుకోను" అన్నాను. ఆమెకేం అర్థమైందో, జరిగి కూర్చుంది.

ఇంటికి పోయేసరికి ఆయన స్నానం చేసి, తల దువ్వుకొని, మంచం మీద కూర్చొని ఉన్నాడు. కత్తిని ఎడమ చేతిలో పెట్టించుకొని బరువు చూశాడు. పిడి వాసన చూశాడు. "ఇరుగుడే" అన్నాడు. "దొరలు కూడ ఇరుగుడుకే వచ్చిన్రు సూడు" అని మురిశాడు. తర్వాత బొటనవేలు కదిపాడు.

బొటనవేలి వైపు బొడిపె లేదు. నున్నటి ఇనుమే ఉంది. బొడిపె అవతల, వేళ్ల వైపు ఉంది. ఆయన కత్తిని తిప్పి పట్టుకున్నాడు. అప్పుడు బొడిపె బొటనవేలి కిందికి వచ్చింది గానీ అలుగు తన అరచేతి వైపే తెరుచుకోబోయింది. మళ్లీ తిప్పాడు. చూపుడువేలితో గీరాడు. నుదుటి మీద చెమట పట్టింది. ప్రమీల మెల్లగా లేచి పొయ్యి దగ్గరికి పోయింది. రామకృష్ణ ఆ కత్తి తీసుకొని తన ఎడమ చేతిలో పట్టుకున్నాడు. వేలు ఆడించాడు. వేలికి బొడిపె తగలలేదు.

"అవ్వా, మనం ఎడమ చేత్తోని సూడనే లేదు" అన్నాడు.

"ఇయ్యి ఇటు" అన్నాడు మా ఆయన. "మంచి కత్తి. అలవాటు గావాలె. నీకు మాత్రం టవర్ ఒక్కరోజుల అలవాటయిందా."

అలవాటు చేసుకున్నాడు కూడా. బొడిపెను పళ్లతో పట్టుకొని చేయి ముందుకు లాగి తెరిచేవాడు. ఒకరోజు పొద్దున నేను నిద్ర లేచి వచ్చేసరికి పచ్చటి పుల్ల నములుకుంటూ కానుగ చెట్టుకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కనుబొమ్మలెగరేశాడు. ఎన్నేళ్ల కిందటి మనిషో మళ్లీ కనబడ్డాడు. నేను నవ్వుతూ దగ్గరికి పోతే మెల్లగా, "జంపా, ఇది మూసి పో" అన్నాడు.

తెరవడం పళ్లతో అయింది గానీ మూయడం కాలేదు. ఆ రేకు కుడి బొటనవేలికే అందుతుంది. మోకాలికి అదిమి చూశాడు, చెట్టుకు ఒత్తి చూశాడు. రోజూ పుల్ల తానే కోసుకునేవాడు, రోజూ మూయడానికి నన్ను పిలిచేవాడు. పిలిచిన ప్రతిసారీ గొంతు కొంచెం తగ్గేది.

ఒకరోజు నేనూ ప్రమీలా అడవిలో ఆలస్యం చేశాం. వచ్చేసరికి ఆయన చెట్టు కిందే ఉన్నాడు. భుజం మొద్దుకు ఆనించి, ఎడమ చేతిలో తెరిచిన కత్తి పట్టుకొని నిలబడ్డాడు. కత్తి పట్టుకున్న చేత్తో చెట్టును పట్టుకోలేడు, పట్టుకోకుండా నడవలేడు, తెరిచిన కత్తితో పడితే ఏమవుతుందో తొడ మీది మచ్చ చెబుతూనే ఉంది. మంచి కాలు గజగజ వణుకుతోంది.

"పడేసి రావద్దా" అన్నాను ఏడుస్తూ.

"పిలగాడు కొనిచ్చిన కత్తి నేలకేస్తనా."

కత్తి మూసి, ఆయన చేయి నా భుజాన వేసుకొని నడిపించుకొచ్చాను. ఆ తర్వాత ఆ కత్తి దిండు కిందే ఉండిపోయింది. నేను పుల్ల కోసిస్తే పక్కన పెట్టడం మళ్లీ మొదలైంది. నోరు ఉట్టి నీళ్లతో పుక్కిలించి, ఏదో ఇంత తినేవాడు.

రామకృష్ణ దుకాణానికి పోయి సంగతి చెప్పాడు. ఆదినారాయణ తల పట్టుకున్నాడట. "ఎడమ చేతికని ఒక్క మాట చెప్తె అయిపోతుండె గద బాబూ. నేనే గద బోణీ అని ఆపింది" అన్నాడట. నేను చిల్లుదని పక్కన పెట్టానే, అది రెండు చేతులకూ పనికొచ్చే కత్తి. ఏ చేతి వేలైనా ఆ చిల్లులో దూరుతుంది. మూయడానికి కూడా పిడి వీపు మీద నొక్కితే చాలు, ఏ చేతికైనా ఒకటే. అది అప్పటికే అమ్ముడుపోయింది. విదేశం నుంచి మళ్లీ తెప్పిస్తానని, పాతది అప్పటిదాకా ఉంచుకోమని చెప్పి పంపాడు.

"వస్తదట తాతా. ఈసారి ఎడమ చేత్తోని నేనే తెరిచి సూసి తెస్త" అన్నాడు రామకృష్ణ. ఆయన దానికోసం ఎదురుచూశాడు. రోజూ చెక్కముక్క ఒకటి చేతిలో పట్టుకొని, బొటనవేలితో దాన్ని నెడుతూ ఉండేవాడు. వేలు మొద్దుబారకూడదని.

వానలు పట్టాయి. గోదావరి పెరిగింది. రెండో ప్రమాద హెచ్చరిక దాటాక మా ఊరి తోవ మీదికి వాగు నీళ్లెక్కాయి. కత్తి ఖమ్మం చేరిందని రామకృష్ణ ఫోన్ చేసి చెప్పాడు, తోవ తెరుచుకోగానే వస్తానన్నాడు. ఆ వానలోనే ఒక మధ్యాహ్నం చెక్కముక్క ఆయన చేతిలోంచి జారి మంచం కింద పడింది. నేను తీసి ఇచ్చాను. మళ్లీ పడింది. "పట్టుకోవేంది" అన్నాను. నా మొహంలోకి చూశాడు, మాట రాలేదు.

ట్రాక్టర్ మీద వాగు దాటించి భద్రాచలం తీసుకుపోయాం. ప్రాణం నిలిచింది. ఎడమ చేయి నిలవలేదు.

నీళ్లు తీశాక ఇంటికి తెచ్చుకున్నాం. రామకృష్ణ అదే సాయంత్రం వచ్చాడు గానీ సంచి తెరవలేదు. పొద్దున్నే తాతకు దుప్పటి సర్దుతుంటే ఆయనే అడిగాడు. మాట ముద్దగా వస్తుంది ఇప్పుడు, అయినా మాకు తెలుస్తుంది.

"తెచ్చినవా?"

వాడు నా వైపు చూశాడు. తియ్యమన్నాను. నల్ల పిడి, చిల్లున్న అలుగు. వాడు కుడి చేత్తో తెరిచాడు.

"ఎడమతోని" అన్నాడు తాత.

వాడు ఎడమ చేతికి మార్చుకున్నాడు గానీ కళ్లలో నీళ్లకు ఏమీ కనబడలేదేమో, చేయి ఆగిపోయింది. నేను తీసుకున్నాను. నా ఎడమ చేతిలోకే తీసుకున్నాను. చిల్లులో బొటనవేలు పెట్టి తోశాను. మొదటిసారి జారింది. రెండోసారి అలుగు తిరిగి వచ్చి నిలబడింది. వీపు మీద నొక్కి మూశాను.

"ఇంకోసారి" అన్నాడు.

మళ్లీ చేశాను. ఆయన కత్తిని చూడడం లేదు, నా వేలినే చూస్తున్నాడు. ఎంత బలం పడుతోంది, ఎక్కడ ఆగుతోంది, ఎట్లా వంగుతోంది అని. మూసేదాకా చూసి కళ్లు మూసుకున్నాడు.

"అయితుండె" అన్నాడు. "నాకు అయితుండె."

రామకృష్ణ బయటికి పోయాడు. నేను ఆ కత్తి అట్లాగే పట్టుకొని ఇంటి వెనక్కి పోయాను. వాన వెలిసి కొమ్మలన్నీ తడిగా ఉన్నాయి. ఆయన వెతికినట్టే వెతికాను. ఎడమ చేతికి అలవాటు లేక పుల్ల వంకరగా తెగింది. వచ్చి మంచం మీద కూర్చొని, ఆయన తల నా ఒళ్లో పెట్టుకున్నాను. పుల్ల కొస నేనే నమిలి మెత్త చేసి ఆయన పెదవుల దగ్గర పెట్టాను. వద్దంటాడని చూశాను. నోరు తెరిచాడు. ముందు పళ్లు, తర్వాత లోపలివి, మెల్లగా తోమాను. పచ్చటి రసం ఒక పక్కకు కారుతుంటే కొంగుతో తుడిచాను.

ప్రమీల గంజి చల్లార్చి తెచ్చింది. చెంచాతో పోస్తే మింగాడు.

"పుల్ల ముదురుది" అన్నాడు కొంచెం ఆగి. "రేపు పైకొమ్మది కొయ్యి."